కూర్చునేలోపు

గిస్లేన్ దెల్వాలె జ్యూరీ కుర్చీ వీపు మీద చెయ్యి వేసింది. ఇక కూర్చోవడమే తరువాయి. అప్పుడు ముద్దాయి తరఫు బల్ల వెనకాల నుంచి లాయరు మెత్ర్ సబూర్దాన్ "తిరస్కరిస్తున్నాను" అన్నాడు. గట్టిగానూ అనలేదు, కోపంగానూ అనలేదు. వడ్డించే మనిషితో ఇంక సూపు చాలన్నంత మామూలుగా అన్నాడు.

పెద్ద జడ్జి తలూపి పెట్టెలోంచి ఇంకో చీటీ తీశాడు. గిస్లేన్ మాత్రం ఆ కుర్చీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కోర్టు గుమాస్తా దగ్గరికొచ్చి, మీరిక వెళ్ళొచ్చు మేడమ్, మళ్ళీ వచ్చే సోమవారం ఇంకో కేసుకి చీటీలు తీస్తారు, అప్పుడు రండి అని చెవిలో చెప్పాకగానీ ఆమె కాళ్ళు కదలలేదు. ఈ రోజు కోసం ఆమె శనివారమే జుట్టు దిద్దించుకుంది. చెల్లెలి పెళ్ళికి కుట్టించిన నీలం కోటు బయటికి తీసింది. చేతులకున్న కొవ్వు వాసన పోవాలని నిమ్మ చెక్కతో రుద్ది రుద్ది కడిగింది. ఇంత చేసి జనం మధ్యలోంచి లేచి వెళ్ళినదాన్ని అందరి ముందూ వెనక్కి తిప్పి పంపేశాడు. ఆమె చెవులు ఎర్రబడిపోయాయి.

ఆ కోర్టులో జ్యూరీని ఎంచే పద్ధతే అంత. పేరొచ్చిన మనిషి లేచి నడుచుకుంటూ వెళ్ళి జడ్జీల పక్కన కూర్చోవాలి. నచ్చకపోతే లాయర్లు ఆ మనిషి కూర్చునేలోపే ఆ ఒక్క ముక్కా అనేయాలి. ముద్దాయి లాయరు ఐదుగురిని, ప్రభుత్వ లాయరు నలుగురిని అలా వద్దనొచ్చు. కారణం చెప్పనక్కర్లేదు సరికదా, చెప్పకూడదు కూడా. పొద్దున్నే జడ్జి ఇదంతా విడమరిచి చెప్పాడు, గిస్లేన్ శ్రద్ధగానే విన్నది. అది తనకే జరుగుతుందని మాత్రం అనుకోలేదు.

తిన్నగా చౌకులోకి, తన దుంపల బండి దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఆడబిడ్డ నదేజ్ బంగాళాదుంప ముక్కల్ని మొదటి వాయ వేయించి, జల్లెడలో ఆరబోస్తోంది. ఆ ఊళ్ళో దుంపల్ని రెండుసార్లు వేయిస్తారు, అదీ గొడ్డు కొవ్వులోనే. మొదటిసారి మెత్తబడేదాకా, రెండోసారి ఎవరైనా అడిగినప్పుడు కరకరలాడేదాకా. వదిన్ని చూడగానే నదేజ్ చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది.

"ఏం వదినా, అప్పుడే తీర్పు చెప్పేసి వచ్చావా?"

గిస్లేన్ జరిగింది చెప్పింది. నదేజ్ నవ్వు ఆపుకోవడానికి చాలా ప్రయత్నం చేసింది గానీ లాభం లేకపోయింది. బండి పక్కన రోజూ నిలబడే పెద్దాయన కుబియాక్ కూడా నవ్వాడు. గనుల్లో పనిచేసి రిటైరైన మనిషి, ఊపిరితిత్తుల నిండా బొగ్గుపొడి, నవ్వితే దగ్గొస్తుంది. దగ్గు తగ్గాక, సబూర్దాన్ అంతటివాడు వద్దన్నాడంటే అదీ ఒక గౌరవమేనమ్మాయ్ అన్నాడు. ఆ మాటకి గిస్లేన్‌కి ఇంకా మండింది. సాయంత్రానికి సంగతి ఊరంతా పాకిపోయింది. లాయరుగారు వద్దన్న దుంపలు ఓ పొట్లం ఇవ్వండి మేడమ్ అని అడిగినవాళ్ళకి ఆమె ఉప్పు ఎక్కువేసి ఇచ్చింది.

కుబియాక్‌కి మాత్రం సబూర్దాన్ అంటే దేవుడితో సమానం. కుర్ర లాయరుగా ఉన్నప్పుడు సబూర్దాన్ ఎక్కడో దక్షిణాన్నించి రైలెక్కి వచ్చాడట. గనిలో ప్రమాదం జరిగి తప్పంతా ఒక మేస్త్రీ నెత్తిన రుద్దితే, ఆ మేస్త్రీ ఇంట్లోనే వంటగదిలో పడుకుని కేసు నడిపాడట. మేస్త్రీని విడిపించాడు. అక్కణ్ణించి పేరొచ్చింది, పేరుతోపాటు ఓట్లొచ్చాయి. సొంతూరికి మేయరు, తర్వాత పార్లమెంటు సభ్యుడు. ఒకసారి మంత్రి కూడా అయ్యాడుగానీ, ఇంకొకరు రాసిచ్చింది చదవడం నా వల్ల కాదని ఏడాది తిరక్కుండానే వదిలేసి వచ్చాడు. ఇన్ని పదవులున్నా హత్య కేసు అనేసరికి సభనైనా వదిలేసి నల్లగౌను సంచిలో పెట్టుకుని బయల్దేరతాడని కుబియాక్ మురిసిపోతూ చెప్పాడు.

గిస్లేన్ ఇవన్నీ విన్నది. ఆమెకి కావలసింది వాటిలో లేదు. అంత పెద్దమనిషి తనలో ఏం చూశాడు? కోటు చూశాడా, నడక చూశాడా, మొహం చూశాడా? తన మొహంలో తనకి తెలియనిది ఏముంది? ఆ రాత్రి అద్దం ముందు నిలబడి అటూ ఇటూ తిరిగి చూసుకుంది. రోజూ కనపడే మొహమే కనిపించింది. మర్నాడు మళ్ళీ నదేజ్‌కి బండి అప్పగించి కోర్టుకి బయల్దేరింది. పిలవని పెళ్ళికి పోతున్నావేంటి వదినా అని నదేజ్ అడిగితే, పెళ్ళికొడుకుని చూడ్డానికి అంది.

కేసు రెమీ వాత్రెలో అనే సరుకు పడవ మనిషిది. అతని బావమరిది కాలవ లాకులో పడి చచ్చిపోయాడు. ఆ సాయంత్రం ఇద్దరూ సారా దుకాణంలో కొట్టుకున్నంత పని చేశారు. రెమీయే తోసేశాడని ప్రభుత్వం అంటోంది, తాగి కాలు జారాడని రెమీ అంటున్నాడు. అప్పీలు లేని రోజులవి. ఆ తొమ్మిది మంది జ్యూరీ, ముగ్గురు జడ్జీలు ఏమంటే అదే ఖాయం. రుజువైతే ఇరవై ఏళ్ళు.

గిస్లేన్ జనం బెంచీల్లో గోడవార కూర్చుని కేసు సంగతి సగం చెవితో వింటూ, సబూర్దాన్‌ని రెండు కళ్ళతో చూసింది. చిన్న మనిషి, ఎముకల గూడు. గౌను మోచేతుల దగ్గర చిరిగితే అతుకు వేసి ఉంది. జేబులోంచి మాటిమాటికీ ఏదో ఊదారంగు బిళ్ళ తీసి నోట్లో వేసుకుంటాడు. సాక్షులు మాట్లాడుతుంటే వాళ్ళ వంక చూడడు, వింటున్న జ్యూరీ వంక చూస్తాడు. ప్రశ్న అడిగాక జవాబు వచ్చేదాకా చేతులు రెండూ గౌను చేతుల్లోకి దోపుకుని చలేసినవాడిలా నిలబడతాడు. జవాబు ఎంత ఆలస్యమైనా తొందరపెట్టడు.

ఆమె ఇంకో పని కూడా పెట్టుకుంది. సబూర్దాన్ వద్దన్నవాళ్ళెవరో, ఉండనిచ్చినవాళ్ళెవరో గుర్తు చేసుకుని పోల్చి చూసింది. మందుల షాపాయన్ని వద్దన్నాడు, పందుల వ్యాపారిని ఉండనిచ్చాడు. బడి పంతులమ్మని ఉండనిచ్చాడు, పోస్టాఫీసు అమ్మాయిని వద్దన్నాడు. లావువాళ్ళని కాదు, సన్నవాళ్ళని కాదు. చర్చికి వెళ్ళేవాళ్ళూ ఉన్నారు, వెళ్ళనివాళ్ళూ ఉన్నారు. ఎంత ఆలోచించినా పొంతన కుదరలేదు. ఆ పంతానికి ఆమెకి కేసు మీద కూడా ఆసక్తి పుట్టింది.

బుధవారం లాకు దగ్గర పనిచేసే మనిషి సాక్ష్యం చెప్పడానికి వచ్చాడు. ఆ రాత్రి "తోసెయ్యకురా" అన్న అరుపు తూము తలుపులు ఎత్తుతుండగా విన్నానని చెప్పాడు. కోర్టంతా నిట్టూర్చింది. సబూర్దాన్ లేచాడు గానీ అరుపు సంగతే అడగలేదు. తూము తలుపులు ఎత్తడానికి చక్రం ఎన్ని చుట్లు తిప్పాలి, ఆ రోజు చక్రం బిగుసుకుందా, తిప్పేటప్పుడు టోపీ పెట్టుకుంటారా లేదా అని ఒక్కొక్కటే అడిగాడు. లాకు మనిషికి తన పని గురించి ఎవరో ఇంతసేపు అడగడం నచ్చింది, చేతులు తిప్పి మరీ చూపించాడు. చివర్న, తూము నీళ్ళు దూకుతున్నప్పుడు మీ ఆవిడ భోజనానికి పిలిస్తే వినపడుతుందా అని అడిగాడు సబూర్దాన్. "ఎక్కడ వినపడుతుందండీ, గంట కొడుతుంది" అన్నాడు లాకు మనిషి. అని ఆగిపోయాడు. సబూర్దాన్ థాంక్యూ చెప్పి కూర్చున్నాడు. గిస్లేన్ తనకి తెలీకుండానే బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

గురువారం మధ్యాహ్నం సబూర్దాన్ వాదించాడు. ఉరుములు ఉరుముతాడని అందరూ అన్నారు. ఆయన గొంతే పెంచలేదు. మీకు తెలియంది మీకు తెలియదని ఒప్పుకోండి, ఇంతకంటే నేను మిమ్మల్ని ఏమీ అడగను అన్నాడు. రెమీ బోనులో తల వంచుకుని కూర్చున్నాడు, అతని తల్లి చేతిగుడ్డని మెలిపెడుతూ ఉంది. గిస్లేన్ ఏడవకూడదని గట్టిగా అనుకుని వచ్చింది. అయినా ఏడ్చింది. ఏడుస్తూనే, ఈ ముసలాయన తనని కూడా ఏడిపించాడని ఆయన మీద కోపం తెచ్చుకుంది.

జ్యూరీ లోపలికి వెళ్ళింది. ఎంతసేపవుతుందో ఎవరికీ తెలీదు. గిస్లేన్ బండి దగ్గరికి వచ్చి ఏప్రాన్ కట్టుకుంది. జనం ముసురుకునే వేళ, నదేజ్ ఒక్కతే చెయ్యలేదు. రెండో వాయ వేయిస్తూ తలెత్తేసరికి ఎదురుగా సబూర్దాన్ నిలబడి ఉన్నాడు. గౌను మీదే వచ్చేశాడు. పొద్దుట్నించి ఏమీ తినలేదట, వాదించే రోజు తినడట. వరసలో ఉన్నవాళ్ళు తప్పుకుని దారిచ్చారు. కుబియాక్ టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"ఉప్పా, వెనిగరా?" అని అడిగింది గిస్లేన్.

"రెండూ. మిమ్మల్నెక్కడో చూశాను."

"సోమవారం చూశారు. చూసి వద్దన్నారు."

సబూర్దాన్ పొట్లం అందుకుని, ఒక ముక్క తిని, నాలిక కాలి, ఊదుకున్నాడు. మూడు రోజులూ గోడవార కూర్చున్నది మీరేనా అన్నాడు. తనేనని, ఎందుకు వద్దన్నారో తెలుసుకుందామనే కూర్చున్నానని గిస్లేన్ చెప్పింది. కారణం చెప్పకూడదు మేడమ్, చట్టం ఒప్పుకోదన్నాడు ఆయన.

"చట్టం కోర్టులో. ఇది నా బండి."

కుబియాక్‌కి మళ్ళీ దగ్గొచ్చింది. సబూర్దాన్ ఈసారి నవ్వాడు. పొట్లం బండి అంచు మీద పెట్టుకుని, మొహం చూసి కాదు, నడక చూసీ కాదు అన్నాడు. ఇన్నేళ్ళుగా మొహాలు చూస్తున్నాను, ఒక్క మొహమూ నాకేమీ చెప్పలేదు, నేనేదో మనుషుల్ని చదివేస్తానని పేపర్లవాళ్ళు రాస్తారు, బాగుందికదా అని నేనూ కాదనలేదు అన్నాడు. అసలు సంగతల్లా ఈ ఊరి కుర్ర లాయరొకడు ఆయన పక్కన కూర్చుని, పేరు పిలవగానే వచ్చేదెవరో చెవిలో చెప్పడమే. ఈ ఊళ్ళో వాడికి తెలియనివాళ్ళు లేరు.

"మీది చౌకులో దుంపల బండి అని చెప్పాడు. అంతే."

"దుంపలు వేయించేదానికి బుర్ర ఉండదనా?"

"అది కాదు. రెమీని పోలీసులు పట్టుకెళ్ళిన నాటినుంచీ ఈ బండి దగ్గర వాడికి ఎన్నిసార్లు శిక్ష పడిందో గుర్తుందా మీకు?"

గిస్లేన్‌కి గుర్తుంది. బావమరిదిని నీళ్ళలోకి తోసినవాణ్ణి అదే నీళ్ళలో ముంచాలని చలికాలమంతా ఈ బండికి ఆనుకుని నిలబడి ఎంతమంది అనలేదు. అన్నవాళ్ళందరికీ పొట్లం చేతికిస్తూ ఆమె కూడా అన్నది. అనకపోతే బేరం నడవదని కాదు, నిజంగానే అనిపించి అన్నది. సోమవారం నీలం కోటు వేసుకుని ఆ కుర్చీ దాకా వెళ్ళింది ఆ మనిషే. ఈ ముసలాయన తనని అవమానించాడని మూడు రోజులు ఉడికిపోయింది గానీ, ఆయన తనని ఉన్నదున్నట్టుగా తీసుకున్నాడంతే. సిగ్గేసింది.

మీకా కుర్రాడు చెవిలో చెప్పకపోయుంటే ఏమయ్యేదని అడిగింది.

"మీరు కూర్చునేవారు. నేను చెప్పింది వినేవారు, ఇక్కడ విన్నదానితో కలిపి చూసుకునేవారు. మంచే జరిగేదేమో, నాకు తెలీదు. వాడి ఇరవై ఏళ్ళు పణం పెట్టి తెలుసుకునే ధైర్యం నాకు లేదు."

"మరి చెవిలో చెప్పే మనిషి లేని లాయర్ల సంగతి? ఇన్నేళ్ళు పార్లమెంటులో కూర్చున్నారు కదా, ఈ పద్ధతి మార్చలేదేం?"

సబూర్దాన్ వేళ్ళకంటిన ఉప్పు కాగితానికి తుడుచుకున్నాడు.

"పార్లమెంటుకి వెళ్ళినప్పుడల్లా మార్చాలనిపించేది. కోర్టుకి వచ్చినప్పుడల్లా ఉండనీ అనిపించేది. వారానికి మూడు రోజులు కోర్టులోనే ఉండేవాణ్ణి మేడమ్."

అంతలో కోర్టు మెట్ల మీద నుంచి ఎవరో చెయ్యి ఊపారు. ఆయన పొట్లం సగంలో వదిలేసి గౌను ఎత్తిపట్టుకుని పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు. పొయ్యి ఆర్పేలోపే కబురొచ్చింది, రెమీని వదిలేశారు. బండి దగ్గర జనం పెద్ద లాయరు కాబట్టి తప్పించేశాడని తేల్చేశారు. గిస్లేన్ దేనికీ మాట కలపలేదు. ఒంట్లో బాలేదా వదినా అని నదేజ్ అడిగింది.

శనివారం సంత రోజు. బండి చుట్టూ ఇసకేస్తే రాలనంత జనం. రెమీ పాతబడిపోయాడు, అందరి నోటా సోమవారం రాబోయే కేసే. జెరోమ్ పికార్ అని, ఆకుకూరల షెడ్డులో పనిచేసేవాడు. వాణ్ణి పనిలోంచి తీసేసిన వారానికి షెడ్డు తగలబడింది, లోపల పడుకున్న యజమాని తండ్రి కాలిపోయాడు. నిప్పంటించింది ఇంకెవరని జనం అడుగుతున్నారు. గిస్లేన్ పెదవులు బిగించుకుని దుంపలు కోసింది, కడిగింది, తుడిచింది. నోరు మూసుకోవచ్చు గానీ చెవులకి తలుపుల్లేవు కదా. మధ్యాహ్నానికి చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, ఎవరో పికార్ ఎలాంటివాడు మేడమ్, మీ దగ్గరికి వచ్చేవాడుగా అని అడిగారు.

"వచ్చేవాడు. ఏనాడూ పలకరించి ఎరగడు. వాడి చూపే మంచిది కాదు," అంది గిస్లేన్.

అన్నాక తన మాట తనకే వినపడింది. అడిగినతను తలూపి, చూశారా నేను చెప్పలా అని పక్కవాడితో అంటూ పొట్లం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటని వెనక్కి పిలిచే దారి లేదు. సాయంత్రంలోగా అది ఇంకో ఇద్దరి నోట ఆమెకే తిరిగొచ్చింది, దుంపల బండావిడ కూడా చెప్పింది అన్న ముక్క తగిలించుకుని. ఆదివారం ఆమె బయటికి రాలేదు. సోమవారం తన పేరు రాకుండా చూడమని చర్చిలో కొవ్వొత్తి వెలిగించి రమ్మని నదేజ్‌ని పంపింది. పోయిన వారం రావాలని వెలిగించావు కదా వదినా, దేవుడు తికమక పడడూ అని నదేజ్ గొణుక్కుంటూ వెళ్ళింది.

సోమవారం పొద్దున కోర్టు సగం ఖాళీగా ఉంది. పేరున్న లాయరెవరూ లేడు, పేపర్లవాళ్ళూ రాలేదు. పికార్‌కి లాయరు పెట్టుకునే తాహతు లేక ప్రభుత్వమే ఒకరిని ఇచ్చింది. మెత్ర్ కిల్యే అని, ముప్ఫై కూడా నిండని అమ్మాయి. పొద్దున రైల్లో పెద్దూరి నించి దిగింది, గొడుగు ఎక్కడ పెట్టాలో కూడా గుమాస్తానే అడిగింది. ఆమె పక్కన ఎవరూ లేరు. కొత్త గౌను మడతలు ఇంకా పోలేదు. చీటీలు తీయడం మొదలుపెట్టాక ప్రభుత్వ లాయరు, ఊరెరిగిన మనిషి, ఇద్దరిని చూసి చూసి తిరస్కరించాడు. కిల్యే ఒక్కరినీ వద్దనలేదు. వచ్చి కూర్చున్నవాళ్ళలో షెడ్డు యజమాని ఇంటి ఎదురింటావిడ ఉంది. పోలీసు జవాను బావ ఉన్నాడు. గిస్లేన్‌కి వాళ్ళందరూ తెలుసు, కిల్యేకి ఎవరూ తెలీదు. ఆమె ప్రతి పేరుకీ తలెత్తి చూసి, మళ్ళీ కాగితాల్లోకి తల దించేసుకుంటోంది.

చివరి కుర్చీ మిగిలింది. జడ్జి చీటీ విప్పి గిస్లేన్ దెల్వాలె అని చదివాడు.

ఆమె లేచింది. ఈసారి నీలం కోటు వేసుకోలేదు, బండి దగ్గర వేసుకునే ఊలు చొక్కాయే వేసుకొచ్చింది, ఏప్రాన్ తీసేసి వచ్చినట్టు తెలిసేలా. చేతులు కూడా కడుక్కోలేదు. చూసినవాళ్ళకి తనెవరో తెలియాలని ఆశ. నింపాదిగా నడిచింది. కిల్యే బల్ల ముందుకి వచ్చాక ఇంకా నింపాదిగా నడిచింది. ప్రభుత్వ లాయరు ఆమెని చూసి సంతోషంగా వెనక్కి వాలి కూర్చున్నాడు. ఆ వాలడం చూశాక శనివారం తను అన్న మాట అతని దాకా వెళ్ళిందని గిస్లేన్‌కి అనుమానం లేకపోయింది. కుర్చీ దాకా వచ్చి, దాని ముందు ఆగి, కిల్యే వైపు తిరిగి నిలబడింది. అనమ్మా, ఒక్క ముక్క, అని మనసులో బతిమాలుకుంది.

"ఏమైనా ఇబ్బందా మేడమ్?" అని పెద్ద జడ్జి అడిగాడు.

"ఇబ్బందేం లేదండీ. ఆవిడ ఏమన్నా అంటారేమోనని ఆగాను."

బెంచీల్లో నవ్వులు రేగాయి. జడ్జి బల్ల మీద తట్టి, అనదలచుకుంటే ఆవిడే అంటారు, మీరు అడగకూడదన్నాడు. కిల్యే కాగితాలు పక్కన పెట్టి ఆమె వంక చూసింది. తెలియని ఊళ్ళో పొద్దుట్నించీ తన కోసం ఆగిన మనిషి ఈవిడొక్కతే. కొవ్వు మరకలున్న ఊలు చొక్కాయినీ, ఎర్రబడ్డ చేతుల్నీ, తన వంకే చూస్తున్న ఆ కళ్ళనీ తీరిగ్గా చూసింది. ఆ అమ్మాయి మొహం కాస్త తేటపడింది.

"నాకేమీ అభ్యంతరం లేదండీ," అంది కిల్యే, కృతజ్ఞతగా.

గిస్లేన్ కూర్చుంది. కూర్చున్నాక బోను వైపు చూడకుండా ఉండలేకపోయింది. జెరోమ్ పికార్ పోలీసుల మధ్య చేతులు ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు. ఎన్నో ఏళ్ళుగా పొట్లం చేతికిచ్చిన మనిషిని ఆమె తేరిపార చూడడం అదే మొదలు. వాడి కుడి కన్ను మెల్ల. మాట్లాడేవాళ్ళ వైపు తిన్నగా చూడలేడు, అంతే. వాడి ఇరవై ఏళ్ళు తెచ్చి తన ఒళ్ళో పెట్టేశారేంటని ఆమెకి భయం వేసింది.